పదిహేనా, పదిహేడా? చేతి వణుకు తగ్గి, మాట ముద్దయిన ఒక కేసు

నేను స్పీచ్ థెరపిస్టును. నా దగ్గరికి వచ్చిన ఈ పేషెంట్ వయసు 63. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. ఆయన్ని ఎవరూ గుర్తుపట్టకుండా వయసు, ఇంటి వివరాలు కొంచెం మార్చాను. మాటకు సంబంధించిన సంగతులు మాత్రం నా కేసు షీటులో ఉన్నట్టే రాస్తున్నాను.

"మావాడి గోల పడలేక వచ్చానమ్మా, నాకేం లేదు" అంటూనే కుర్చీలో కూర్చున్నారు. కొడుకు చెప్పింది వేరే. ఆరు నెలల కింద రెండు చేతుల వణుకుకీ మెదడులో ఆపరేషన్ చేయించారు. వణుకు పోయింది. కానీ అప్పటినుంచి ఫోన్లో నాన్న చెప్పే రేటు అవతలివాళ్లకు సరిగ్గా అందడం లేదు. పది రోజుల కింద తేజ రకం మిర్చి క్వింటా పదిహేడు వేలని ఈయన చెబితే, చెన్నై పార్టీ పదిహేను వేలని విని సరే అంది. లారీ కదిలాక బిల్లు చూసి గొడవ. ఇరవై ఏళ్ల పార్టీ అది. "నేను చెప్పింది పదిహేడే" అని ఈయన, "మా చెవులకేం రోగం లేదు" అని వాళ్లు.

ముందు ఆ వణుకు సంగతి. దాన్ని ఎసెన్షియల్ ట్రెమర్ అంటారు. పార్కిన్సన్స్ వణుకు ఎక్కువగా చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నప్పుడు కనిపిస్తుంది. ఇది అలా కాదు, చేతిని పనిలో పెట్టగానే మొదలవుతుంది. గ్లాసు ఎత్తితే, పెన్ను పడితే, అన్నం కలిపితే. చాలా ఇళ్లలో వంశంలోనే ఉంటుంది. ఈయన తండ్రికీ ఉండేదట, "ముసలితనం" అనుకుని వదిలేశారు. ఈయనకు నలభైల్లోనే మొదలైంది. యాభై దాటాక చెక్కులు సంతకం కలవలేదని బ్యాంకు నుంచి తిరిగొచ్చేవి. పెళ్లిళ్లలో భోజనానికి కూర్చోవడం మానేశారు. దీనికి ముందుగా వాడే మందు ప్రొప్రనలాల్. మిర్చి ఘాటులో బతికిన మనిషి, పైగా ఆస్తమా, ఆ మందు ఇవ్వడానికి లేదు. రెండోది ప్రిమిడోన్. అది వేసుకుంటే పగలంతా మత్తు. అందుకే ఆపరేషన్ దాకా వచ్చారు.

ఆపరేషన్ పేరు డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, డీబీఎస్. మెదడు లోపల థలామస్‌లో విమ్ అని పిలిచే చిన్న భాగంలోకి సన్నని తీగలు దించుతారు. ఛాతీలో చర్మం కింద పేస్‌మేకర్ లాంటి బ్యాటరీ పెడతారు. అక్కణ్నుంచి సెకనుకు 130 సార్లో అంతకు మించో చిన్న కరెంటు దెబ్బలు వెళుతుంటాయి. ఎడమ మెదడులోని తీగ కుడి చేతిని, కుడి మెదడులోది ఎడమ చేతిని అదుపు చేస్తుంది. ఈయనకు రెండు వైపులా ఒకేసారి పెట్టారు. మొదటిసారి స్విచ్ వేసిన రోజు ఆసుపత్రి గదిలోనే నిండు గ్లాసు నీళ్లు ఒంటి చేత్తో తాగి, ఆ వీడియో యార్డు గ్రూపులో పెట్టారట.

మొదటి రోజు నేను చేసిన పొరపాటు

ఒక పేరా చదివించాను. ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టించాను. పిల్లల గురించి, వ్యాపారం గురించి అడిగాను. ప్రతి మాటా అర్థమైంది. కొంచెం నెమ్మదిగా మాట్లాడుతున్నారనిపించింది. ఆ వయసులో అది పెద్ద విషయం కాదనుకుని షీటులో "స్వల్ప మందగింపు" అని రాసి, సిగ్నల్ వల్ల కూడా అయి ఉండొచ్చని కొడుకుతో అన్నాను. ఇప్పుడు ఆ షీటు చూస్తే సిగ్గేస్తుంది.

నా గది నిశ్శబ్దంగా ఉంటుంది. ఆయన నా ఎదురుగా కూర్చున్నారు, పెదవులు కనిపిస్తున్నాయి. ఏం మాట్లాడబోతున్నారో నాకు ముందే తెలుసు. పైగా పరీక్ష చేస్తున్నారని తెలిసి ఆయన ఒళ్లు దగ్గర పెట్టుకుని ఒక్కో మాటా పేర్చారు. ఈ రకం ఇబ్బంది నెమ్మదిగా మాట్లాడితే దాక్కుంటుంది, తొందరలో బయటపడుతుంది. యార్డులో పొద్దున పది గంటలకు ఎవరైనా నెమ్మదిగా మాట్లాడతారా?

అసలు సంగతి పట్టుకున్నది వాళ్లావిడ. వెళ్లిపోతూ గుమ్మం దగ్గర ఆగి, "నేనొకటి చెబుతా, నవ్వకూడదు" అంది. "తెల్లారి లేచి ఆ మిషను వేసుకోకముందు ఈయన మాట ఎప్పటిలాగే ఉంటదమ్మా. వేసుకున్నాక నోట్లో కిళ్లీ పెట్టుకున్నట్టే."

నిద్రలో ఈ వణుకు ఎలాగూ ఉండదు. బ్యాటరీ మిగులుతుందనీ, మెదడు ఆ కరెంటుకు అలవాటు పడిపోకుండా ఉంటుందనీ చాలామందికి రాత్రిళ్లు ఆపేయమని చెబుతారు. ఈయనా ఆపేస్తారు. పొద్దున మొదటి కాఫీ ఆవిడే గ్లాసు పట్టుకుని తాగిస్తుంది. ఆ పది నిమిషాలూ ఇద్దరూ మాట్లాడుకుంటారు. తర్వాత ఆయన రిమోట్ నొక్కుతారు. రెండో కాఫీ తనే తాగుతారు, చుక్క ఒలకదు. అక్కణ్నుంచి రాత్రి దాకా ఆయన మాటలో సగమే ఆవిడకు అందుతుంది. నేను నవ్వలేదు. వాళ్లను మళ్లీ లోపలికి పిలిచి కూర్చోబెట్టాను.

స్విచ్ వేసి, స్విచ్ తీసి

ఆపరేషన్ తర్వాత మాట మారిందంటే రెండు అనుమానాలు వస్తాయి. తీగ దించేటప్పుడు మెదడులో ఏదైనా దెబ్బ తగిలిందా, లేక ఇప్పుడు పారుతున్న కరెంటు వల్లనా? మొదటిదైతే స్విచ్ తీసినా మాట మారదు. రెండోదైతే మారుతుంది. ఇంట్లోవాళ్ల మనసులో మూడో అనుమానం కూడా ఉంటుంది, పక్షవాతమేమోనని. దాని టెన్షన్ వాళ్లది. వాళ్లావిడ మాటలతో ఆ అనుమానాలు సగం తీరిపోయాయి. మిగతా సగం కోసం న్యూరాలజిస్ట్‌తో మాట్లాడి, మరుసటి వారం ఆయన్ని మిషను వేయకుండానే రమ్మన్నాను. కొడుకు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. చేతులు రెండూ టపటపా కొట్టుకుంటున్నాయి.

ఈసారి పేరా చదివించలేదు. "ప ప ప ప", "త త త త", "క క క క" అని ఊపిరి ఉన్నంతసేపు వీలైనంత వేగంగా అనమన్నాను. ఆ తర్వాత చిన్నప్పుడు మనమంతా నోరు తిప్పుకోలేక నవ్విన "కాకీక కాకికి కాక కేకికా". కకారాల కోసం ఇంతకంటే మంచి పరీక్ష ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. చివరికి ఆయన గొడవకు మూలమైన జంట: పదిహేను, పదిహేడు. ఇరవై చీటీల మీద ఈ రెండూ కలిపి రాసి, కలగలిపి ఇచ్చాను. ఆయన ఒక్కొక్కటీ తీసి ఫోన్లో చదవాలి. పక్క బిల్డింగులో వినికిడి పరీక్షలు చేసే మా ఆడియాలజిస్ట్ విని, ఏది వినిపిస్తే అది రాసుకోవాలి. స్విచ్ వేసి ఉందో తీసి ఉందో అతనికి చెప్పలేదు.

తీసి ఉన్నప్పుడు ఇరవైలో పంతొమ్మిది సరిగ్గా విన్నాడు. వేశాక, అరగంట ఆగి మళ్లీ చేస్తే పన్నెండు. బొమ్మా బొరుసూ వేసినా పది సరిపోతాయి.

ఈ జంటలో తేడా అంతా "ను", "డు" అనే చివరి అక్షరాల్లోనే ఉంది. "డు" అనాలంటే నాలుక కొన పైకి లేచి, అంగిట్లో గాలిని ఒక్క క్షణం పూర్తిగా ఆపాలి. అది ఆగకపోతే "డు" కరిగిపోయి, "ను"కో "రు"కో దగ్గరగా ఏదో వినిపిస్తుంది. పైగా పాత పద్ధతి ఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య శబ్దాన్నే మోస్తుంది. హల్లుల పదును చాలావరకు దానికి పైన ఉంటుంది. అచ్చులు దాటి వెళతాయి, హల్లులు దారిలో రాలిపోతాయి. నా ఎదురుగా కూర్చుని మాట్లాడితే బాగున్న మనిషి చెన్నైకి ఎందుకు అర్థం కాలేదో అప్పటికి తెలిసింది.

రికార్డింగులను ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూశాను. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసి ఉచితంగా ఇస్తున్నది అది. మాటను బొమ్మగా చూపిస్తుంది. "అక్క" అంటే రెండు అచ్చుల మధ్య ఒక తెల్లని ఖాళీ కనపడాలి. నాలుక వెనక భాగం పైకి అంటుకుని గాలిని ఆపిన చోటు అది. మన ద్విత్వాక్షరాల్లో ఆ ఖాళీ ఇంకా వెడల్పుగా ఉంటుంది. స్విచ్ తీసినప్పటి బొమ్మలో అది తెల్లగా, అంచులు తీరుగా ఉంది. వేసినప్పటి బొమ్మలో ఆ చోటంతా బూడిదరంగు మరక. అంటే నాలుక పైకి వెళ్లింది గానీ అంటుకోలేదు, సందులోంచి గాలి జారుతూనే ఉంది. చెవికి అది ఉర్దూవాళ్లు గొంతులోంచి అనే "ఖ"లా వినిపిస్తుంది. "పక్క" అన్నది "ఫఖ్ఖ" అవుతుంది. తెలుగులో ఇన్ని "క్క, ట్ట, ప్ప"లు ఉన్నందుకు మనవాళ్లకు ఇది ఇంకొంచెం ఎక్కువ నష్టమేమోనని నా అనుమానం. దాన్ని నిరూపించేంత మంది పేషెంట్లను నేను చూడలేదు.

జర్మనీలో కొలోన్ పరిశోధకులు ఇలాంటి పేషెంట్ల చేతనే అక్షరాలు వేగంగా పలికించి చూశారు. కరెంటు వేసినప్పుడు అక్షరాలు నెమ్మదించడం, మూసుకోవలసిన చోట గాలి లీకవడం వాళ్లూ గమనించారు. అసలు ఈ భయం డీబీఎస్ కంటే పాతది. అంతకుముందు థలామస్‌లో చిన్న చోటు కాల్చేసి వణుకు ఆపేవారు. రెండు వైపులా కాల్చితే మాట పడిపోతుందని సర్జన్లు జంకేవారు. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనబీద్ బృందం వేగంగా కరెంటు పంపి వణుకు ఆపవచ్చని చూపించాక, రెండు వైపులా చేయడానికి ధైర్యం వచ్చింది. కాల్చింది వెనక్కి రాదు, కరెంటును తగ్గించుకోవచ్చు. కానీ తగ్గించాలంటే తగ్గించవలసిన అవసరం ఉందని ఎవరో ఒకరు కనిపెట్టాలిగా!

రెండు వైపులా అయితేనే ఎందుకు ఎక్కువ ఇబ్బంది? నాలుకకు, పెదవులకు, గొంతుకు వెళ్లే ఆజ్ఞలు మెదడు రెండు సగాల నుంచీ వస్తాయి. బండికి ఒక ఎద్దు కుంటితే రెండోది ఎలాగో లాగేస్తుంది. రెండూ కుంటితే బండి నిలబడిపోతుంది. విమ్‌కు బయటి పక్కనే ముఖానికి, నాలుకకు వెళ్లే నరాల కట్ట ఉంటుంది. కింద చిన్నమెదడు నుంచి వచ్చే దారి ఉంటుంది. మధ్య దూరం కొన్ని మిల్లీమీటర్లే. కరెంటు కొంచెం అటు పాకితే మాట బిగుసుకుపోయి ముద్దవుతుంది. ఇటు పాకితే తూలుతుంది. ఈయన మాటలో నాకు రెండూ వినిపించాయి.

ఇంకో తిరకాసు. ఆపరేషన్‌కు ముందు మాట ఎలా ఉండేదో ఎవరూ రికార్డు చేయలేదు. ఆపరేషన్ కాగితాల్లో "మాటలో స్వల్ప మార్పు రావచ్చు" అని ఒక లైను ఉంది. దాని మీద ఆయన వణుకుతూ పెట్టిన సంతకం ఉంది. ఆయన రోజంతా చేసే పనేమిటని ఎవరైనా అడిగారా అంటే, లేదన్నారు. "స్వల్పం" అంటే ఎవరికి స్వల్పం? పాత గొంతు కోసం కొడుకు ఫోన్లో వెతికాం. ఆపరేషన్‌కు ముందు ఏడాదిలో తండ్రి పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు నలభై దాకా దొరికాయి. "ఒరేయ్, అరవై టిక్కీలు దించారు, తూకం దగ్గర నువ్వుండు" లాంటివి (టిక్కీ అంటే మిర్చి బస్తా). వాటిలో ఆయన గొంతు వణుకుతోంది. దీర్ఘాల దగ్గర అల లాగా ఊగుతోంది. కానీ ఒక్క హల్లు కూడా జారలేదు. ఇప్పుడు గొంతు నిలకడగా ఉంది, హల్లులు జారుతున్నాయి. ఒకే నోట్లో ఒకటి బాగుపడి ఇంకొకటి పాడైంది. "మీ గొంతు ఇప్పుడే బాగుంది" అని బంధువులు మెచ్చుకోవడంతో, తప్పు తన మాటలో ఉందని ఆయనకు నమ్మకం కుదరలేదు.

బేరం

రికార్డింగులు న్యూరాలజిస్ట్‌కు వినిపించాను. ఆయన మిషను సెట్టింగులు మార్చడానికి, అంటే ప్రోగ్రామింగ్‌కు కూర్చున్నప్పుడు నన్నూ రమ్మన్నారు. నేను పేషెంట్ వైపు వీపు పెట్టి కూర్చున్నాను, పెదవులు కనిపించకుండా. ముందు ఉన్న సెట్టింగు: రెండు వైపులా 130 హెర్ట్జ్, ఒక్కో దెబ్బ 60 మైక్రోసెకన్లు. ఎడమ చెయ్యి ఎక్కువ వణికేది కాబట్టి దాన్ని అదుపు చేసే కుడి తీగలో కరెంటు ఎక్కువ పెట్టారు, 3.4 మిల్లీ ఆంపియర్లు. ఎడమ తీగలో 2.8.

ఎడమ తీగ ఆపి చూస్తే మాటలో పెద్ద మార్పు లేదు. కుడి తీగ ఆపగానే "కాకీక" దాదాపు పొద్దుటి కాఫీనాటి మాటలా వచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం ఒళ్లోంచి ఎగిరిపడింది. కుడి తీగనే కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వచ్చాం. ప్రతి మెట్టులో అవే మాటలు, ఒక కాగితం మీద గుండ్రంగా చుట్ట గీయడం, ఒక గ్లాసు నీళ్లు. ఆయనకు పెట్టిన తీగకు చుట్టూ విడివిడి ముక్కలున్నాయి. వాటితో కరెంటును ఒక దిక్కుకు మళ్లించవచ్చు. నరాల కట్ట వైపు ఉన్న ముక్కను ఆపేసి లోపలి వైపు ముక్కలు మాత్రమే వాడారు. దెబ్బ వెడల్పు 40 మైక్రోసెకన్లకు తగ్గించారు.

రెండున్నర గంటలు పట్టింది. మధ్యలో ఆయనకు విసుగొచ్చి, "ఏందండీ, నాతో బేరమాడుతున్నారా? ఎంత నోరిస్తే ఎంత చెయ్యిస్తారో ఒక మాట చెప్పండి, తెగ్గొట్టుకుందాం" అన్నారు. నవ్వొచ్చినా అది నిజంగా బేరమే. అంతవరకు మేమిద్దరం చెయ్యి ఎంత, మాట ఎంత అని మాలో మేమే చర్చించుకుంటున్నాం. అప్పుడు ఆయన్నే అడిగాం. కుడి చెయ్యి వదులుకోను, సంతకం ఉంది, అన్నం ఉంది అన్నారు. ఎడమ చేత్తో ఏం చేస్తారని అడిగితే కాసేపు ఆలోచించి, "ఫోను పట్టుకుంటా" అన్నారు. ఫోన్లో మాట్లాడటం కోసం ఫోను పట్టుకునే చేతిని వదులుకోవాలి. మెడలో వేసుకునే ఇయర్‌ఫోన్ కొనుక్కోమన్నాను.

చివరికి రెండు ప్రోగ్రాములు పెట్టారు, రిమోట్‌తో ఆయనే మార్చుకునేలా. ఒకదానిలో రెండు చేతులూ నిలకడ, మాట ముద్ద. రెండోదానిలో కుడి చెయ్యి మునుపటిలాగే, ఎడమ చెయ్యి కొంచెం ఊగుతుంది, మాట తేటగా ఉంటుంది. చీటీల పరీక్ష రెండోదానిలో మళ్లీ చేస్తే ఆడియాలజిస్ట్‌కు ఇరవైలో పద్దెనిమిది సరిపోయాయి. ఆయన వాటికి "చేతి నంబరు", "నోటి నంబరు" అని పేర్లు పెట్టుకున్నారు.

మిగిలింది నా పని

పార్కిన్సన్స్ వాళ్లకు గట్టిగా మాట్లాడటం నేర్పే ఎల్‌ఎస్‌వీటీ పద్ధతి ఉంది. డీబీఎస్ అనగానే చాలామంది థెరపిస్టులు అలవాటుగా అదే మొదలుపెడతారు. ఈయన గొంతు తగ్గింది లేదు, యార్డులో అరిచి అరిచి పెరిగిన గొంతు. గట్టిగా అనమంటే హల్లులు ఇంకా చెదిరాయి. రెండు రోజుల్లో అది ఆపేశాను. వేగం తగ్గించడం, సంఖ్యకు ముందు ఒక క్షణం ఆగడం, చివరి అక్షరాన్ని ఒత్తి పలకడం, వీటి మీద పనిచేశాం. "పదిహేడు" బదులు "ఒకటి, ఏడు" అని అంకెలుగా చెప్పమంటే ఒప్పుకోలేదు. "అట్టా చెబితే మార్కెట్లో నవ్వుతారమ్మా." మూడో వారం ఆయనే ఒక దారి తెచ్చారు. రేటు చెప్పి వెంటనే పక్కన ఒక గుర్తు పెడుతున్నారు: "పదిహేడు, పద్దెనిమిదికి ఒకటి తక్కువ." "పదిహేను, పదికి పైన అయిదు." వినేవాడికి తప్పు వినే సందు లేదు. వ్యాపారి మాటలా కూడా ఉంది. నేను ఇంతవరకు ఏ పేషెంటుకూ ఇది చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. రేటు కుదిరాక కొడుకు అదే అంకె వాట్సాప్‌లో పెడతాడు. ఆ ఏర్పాటు చెన్నై పార్టీ అడిగింది.

ఎనిమిది నెలల తర్వాత ఎడమ చేతి వణుకు మళ్లీ పెరిగిందని వచ్చారు. నోటి నంబర్లో కుడి తీగను న్యూరాలజిస్ట్ ఒక మెట్టు పెంచారు. పెంచిన వెంటనే బాగానే వినిపించింది. ఈసారి నేను నా చెవిని నమ్మలేదు, చీటీలు తీశాం. పద్నాలుగు. ఒక మెట్టు దించాం. ఎడమ చెయ్యి ఎంత ఊగుతుందో ఆయనకు చూపించి అడిగాం. కాసేపు దాన్నే చూసి, "ఉండనీ, ఆ చేత్తో లెక్కపెట్టేదేం లేదుగా" అన్నారు.

ఇంట్లో ఏ నంబరు అన్నది మాత్రం ఇంకా తేలలేదు. ఆయన చేతి నంబర్లో ఉందామంటారు, మనవణ్ని ఎత్తుకోవాలని. ఆవిడ నోటి నంబరు పెట్టమంటుంది. పోయిన నెల ఫోన్ చేసినప్పుడు హలో కూడా అనకుండా, "అమ్మా, చేతి నంబర్లో ఉన్నా, ఒక్క నిమిషం ఆగు" అని లైన్లో ఉంచి, రిమోట్ నొక్కి, కాసేపటికి మళ్లీ మాట్లాడారు.